వ్యాపారమునకు పెద్దదిక్కు

పాఠ్యభాగములు: 2 రాజులు 4:1–7, నిర్గమకాండము 18:13–27, అపొస్తలుల కార్యములు 18:1–4, 24–26



ఈ మాసము పాఠమునకు తీసికొనిన విషయము మన ఆరాధనలలో అరుదుగా వినబడునది. కిరాణా కొట్టు పెట్టుకొనుట, కుట్టుమిషను కొనుట, రెండు గేదెలను కట్టుకొని కేంద్రమునకు పాలు పోయుట, టిఫిను బండి నడుపుట మొదలగు చిన్న వ్యాపారములలోనికి మన సంఘస్థులు నేడు ఎక్కువగా దిగుచున్నారు. దిగినవారిలో కొందరు నిలిచిరి. మరికొందరు ఏడాది తిరుగకమునుపే తలుపులు మూసి, మెడలోని గొలుసు తాకట్టులో విడిచి, హైదరాబాదుకో బెంగుళూరుకో కూలిపనికి వెళ్లిరి. ఈ రెండు తెగలవారికిని ఉన్న భేదము తెలివిలో లేదు, కష్టపడుటలోను లేదు. నాకు కనబడినంతవరకు, నిలిచినవారిలో అనేకులకు ప్రక్కన నిలిచి చెప్పువారు ఒకరుండిరి. పడినవారికి అప్పిచ్చువారు మాత్రమే యుండిరి.

పెండ్లి సంబంధమునకు పెద్దదిక్కును వెదకుదుము. పొలము గట్టు తగవునకు పెద్దదిక్కును పిలుతుము. వ్యాపారమునకు మాత్రము ఎవరికిని చెప్పక, చెప్పిన దిష్టి తగులునని భయపడి, ఒంటరిగా దిగుదుము. దిష్టి సంగతి అటుంచి, వాక్యము ఏమి చూపుచున్నదో చూతము.

2 రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయములోని విధవరాలి కథ మనకందరికిని తెలిసినదే. భర్త ప్రవక్తల శిష్యుడు, దైవభక్తి గలవాడు. అయినను అప్పు మిగిల్చి చనిపోయెను. అప్పులవాడు ఆమె యిద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు సిద్ధముగా నున్నాడు. మనము ఈ భాగమును అద్భుతముగానే చదువుచున్నాము. అద్భుతమే, సందేహము లేదు. అయితే ఆమెతో ఎలీషా నడచుకొనిన విధమును ఒకసారి నెమ్మదిగా చూడుడి.

మొదట అతడు ఆమెకు ఏమి చేయవలెనని అడిగెను. వెంటనే ఆమె యింట ఏమున్నదని అడిగెను. ఆమె ఏమియు లేదని చెప్పబోయి, ఒక నూనెకుండ ఉన్నదని జ్ఞాపకము చేసికొనెను. మంచి ఆలోచన చెప్పువాడు అడుగు మొదటి ప్రశ్న ఇదియే. "బ్యాంకులో ఎంత ఋణము దొరకును?" అని కాదు, "నీ యింట ఏమున్నది, నీ చేతికి ఏమి వచ్చును?" అని. మన స్త్రీలలో పచ్చడి పెట్టుటలో ఊరంతటికి పేరు పొందినవారున్నారు. వారిని అడిగినచో తమకేమియు రాదని చెప్పుదురు. తన చేతనున్న నూనెకుండ తనకు కనబడదు. ప్రక్కవాడు చూపవలసియున్నది.

తరువాత ఇరుగుపొరుగు వారియొద్ద ఖాళీపాత్రలు తెచ్చుకొనుమనెను, తక్కువగా తెచ్చుకొనవద్దనెను. అతడు పాత్రలను ఎరువు తెమ్మనెను గాని రొక్కమును అప్పు తెమ్మని చెప్పలేదు. ఇది చిన్న సంగతి కాదు. ఇప్పటికే అప్పులో మునిగిన యింటికి మరియొక అప్పు మార్గము కాదని అతనికి తెలియును. మన గ్రామములలో కొత్తగా వ్యాపారము మొదలుపెట్టువారు ఎరువు తెచ్చుకొనదగినవాటిని కూడ, అనగా త్రాసు, గిన్నెలు, బల్ల, చివరకు బండిని సయితము, వడ్డీ డబ్బుతో కొత్తవి కొనుచున్నారు. పిండి కొలది రొట్టె అని పెద్దలన్నది ఇందుకే.

ఆమెయు కుమారులును లోపలనుండి తలుపు వేసికొని నూనె పోసిరి. ఎలీషా ఆ గదిలో లేడు. అతడు పాత్రలు మోయలేదు, నూనె పోయలేదు. ప్రక్కన నిలుచువాడు పని తానే చేసిపెట్టినయెడల నేర్చుకొనువాడు ఎన్నటికిని నేర్చుకొనడు. అతడు ఊరికి వెళ్లిన మరునాడే కొట్టు మూతపడును.

ఈ కథలో నాకు అన్నిటికంటె విలువగా తోచునది ఏడవ వచనము. పాత్రలన్నియు నిండెను. ఇక అమ్ముకొనుటయే మిగిలినది. మనమైనచో నేరుగా బజారునకు పోయియుందుము. ఆమె మొదట మరల ఎలీషాయొద్దకు వచ్చి జరిగినది చెప్పెను. అప్పుడతడు నూనె అమ్ముమనియు, ముందుగా అప్పు తీర్చుమనియు, మిగిలినదానితో ఆమెయు పిల్లలును బ్రదుకుమనియు చెప్పెను. ఖాళీ చేతులతో ఉన్నప్పుడు ఆలోచన అడుగువారు అనేకులు. పాత్రలు నిండిన తరువాత మరల వచ్చి అడుగువారు అరుదు. వ్యాపారము చెడునది సామాన్యముగా మొదటి వారములో కాదు, మొదటి లాభము చేతికి వచ్చిన వారములో. ఆ డబ్బును చూచి ఇల్లు బాగుచేయింపబోవుదుము, మోటారుసైకిలు వాయిదా కట్టబోవుదుము. అప్పు మొదట, బ్రదుకు తరువాత అను ఆ వరుసను ఆ సమయమున గట్టిగా చెప్పువాడొకడు కావలెను.

ఒక లెక్క చూతము. కల్పించిన లెక్కయే గాని ఇట్టివి మన ఊళ్లలో నెలనెల జరుగుచున్నవి. ఒక సహోదరి నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు తెచ్చి సరుకు కొనెను. నెలాఖరునకు సరుకంతయు అయిపోయెను. అమ్మినదంతయు కూడినచో 11,500 రూపాయలు. ఆమె 1,500 లాభమని సంతోషించెను. ఇప్పుడు అనుభవము గల ఒక పెద్ద ఆమె ప్రక్కన కూర్చుండి అడుగుచున్నాడనుకొందము. పట్టణమునుండి సరుకు తెచ్చిన ఆటో కిరాయి ఎంత? 300. చెడిపోయిన కూరగాయలు, ఎలుకలు కొట్టిన పప్పు? అమ్మకములో వ్రాసితిని గాని పారవేసితిని, 200. ఇంటికి వాడుకొనిన నూనె, చక్కెర, సబ్బు? అదియు అమ్మకములో వ్రాసితిని గాని డబ్బు వేయలేదు, 600. అరువు పద్దు? వసూలు కానిది 900. ఈ నాలుగును కలిపి 2,000. లాభమనుకొనిన 1,500 పోయి 500 రూపాయలు లోటు. వడ్డీ 300 చేర్చినచో లోటు 800. ఆమె నెలంతయు తెల్లవారుజామునుండి కష్టపడినది. ఆ కష్టమునకు కూలి ఈ లెక్కలో ఎక్కడను లేదు. ఎవరును అడుగనియెడల రెండవ నెల ఈ లోటును పూడ్చుటకు మరియొక అప్పు తెచ్చును. మూడు రూపాయల వడ్డీ వినుటకు చిన్నదిగా నుండును గాని ఏడాదికి నూటికి 36 రూపాయలు. కిరాణాకొట్టు లాభము దానిని మోయుట ఎంత కష్టమో కొట్టువారినే అడుగుడి.

ఆ పెద్ద ఆమెకు పైసా ఇయ్యలేదు. నాలుగు ప్రశ్నలు మాత్రము అడిగెను. ఇంటి డబ్బును, కొట్టు డబ్బును రెండు డబ్బాలలో పెట్టుమనును. ఇంటికి తీసికొనిన సబ్బునకు సయితము డబ్బు వేయుమనును. అరువునకు ఒక హద్దు పెట్టుమనును. ఇవి పుస్తకములలోనూ దొరకును. అయితే పుస్తకము మూడవ వారమున వచ్చి "అరువు పద్దు ఏది, చూపుము" అని అడుగదు.

ఇక్కడ మన సంగతి ఒకటి దాపరికము లేకుండ చెప్పుకొనవలెను. వర్తక కుటుంబములలో పుట్టిన పిల్లవాడు గల్లాపెట్టె ప్రక్కన కూర్చుండియే ఎదుగును. బడినుండి వచ్చి పొట్లములు కట్టును. ఏ సరుకు ఏ నెలలో పిరియమగునో, ఎవరికి అరువియ్యవచ్చునో, ఎవరికి చిరునవ్వుతో లేదని చెప్పవలెనో తండ్రి నోట, తాత నోట వినుచుండును. అతనికి పెద్దదిక్కు ఇంటిలోనే యున్నది. మన సంఘములలో అనేకుల తాతలు పొలములలో కూలిచేసిరి, తోళ్లపని చేసిరి, పాలేళ్లుగా నుండిరి. వారు చేసిన కష్టము తక్కువది కాదు. అయితే గల్లాపెట్టె విద్య వారికి ఎవరును నేర్పలేదు, నేర్చుకొననియ్యలేదు. గనుక మన బిడ్డ వ్యాపారములో దిగినప్పుడు ఇంటిలో లేనిదానిని వెలుపల వెదకుకొనవలసియున్నది. అందులో సిగ్గు ఏమియు లేదు.

వెలుపల అనగా సంఘమునకు వెలుపల కూడనా అని కొందరడుగుదురు. నిర్గమకాండము 18వ అధ్యాయము చదువుడి. మోషేకు ఆలోచన చెప్పిన యిత్రో ఇశ్రాయేలీయుడు కాడు, మిద్యాను యాజకుడు. మోషే "ఇతడు మనవాడు కాడు" అని తోసివేయలేదు. యిత్రో చెప్పిన తీరు కూడ గమనింపదగినది. వచ్చిన దినముననే నోరు తెరువలేదు. మరునాడు ఉదయమునుండి సాయంకాలమువరకు మోషే చేయు పనిని కూర్చుండి చూచెను. పిమ్మట ఎందుకిట్లు ఒంటరిగా చేయుచున్నావని అడిగెను. జవాబు విన్న తరువాతనే, ఈ పని నీకును ప్రజలకును బలహీనత తెచ్చునని చెప్పి, పని పంచుకొను పద్ధతిని చూపెను. అదియు దేవుడు సెలవిచ్చినయెడల అని హద్దు పెట్టి చెప్పెను. ఆ మీదట తన దేశమునకు వెళ్లిపోయెను. ఆ పద్ధతిలో తనకొక పదవి అడుగలేదు, తన కుమారునికి అడుగలేదు. మన ఊరి బజారులో ముప్పది యేండ్లుగా కొట్టు నడుపుచున్న శెట్టిగారిని మర్యాదగా అడిగి, నాలుగు నెలలు ఆయన కొట్టులో పొట్లములు కట్టినచో, ఏ శిక్షణలోను దొరకని విద్య దొరకును. మతము వేరైనను త్రాసు ఒక్కటే.

మన దేశ చరిత్రలోనుండి ఒక సంగతి. గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు తమ పాలకు గిట్టుబాటు ధర రాక బాధపడుచు సర్దార్ వల్లభాయి పటేలుగారియొద్దకు వెళ్లిరి. ఆయన డబ్బియ్యలేదు. మీ సహకార సంఘము మీరే పెట్టుకొనుడి, అవసరమైనచో కొన్ని దినములు పాలు అమ్ముట మానుకొని ఆ నష్టము భరించుడి అని చెప్పి, మొరార్జీ దేశాయిగారిని వారియొద్దకు పంపెను. రైతులు పాలు పోయుట మానిరి. 1946 డిసెంబరులో వారి సంఘము రిజిస్టరైనది. రెండు గ్రామముల సంఘములతో, దినమునకు 250 లీటర్లకు లోపు పాలతో మొదలైనది. నేడు మనము అమూల్ అని పిలుచు వ్యాపారము అదియే. దానికి నాయకుడు త్రిభువన్‌దాస్ పటేలుగారు. 1949లో వర్గీస్ కురియన్ అను 27 ఏండ్ల ఇంజనీరు ప్రభుత్వపు పాలకేంద్రములో ఉద్యోగమునకు ఆనందు పట్టణమునకు వచ్చెను. ప్రభుత్వ ఖర్చుతో అమెరికాలో చదివినందున రావలసివచ్చెనే గాని ఆ ఊరు ఆయనకు ఇష్టము కాలేదు. విడుదల దొరకినప్పుడు వెళ్లిపోవ సిద్ధపడెను. కొంతకాలముండి మా యంత్రములను సరిచేయుమని త్రిభువన్‌దాసుగారు అడిగిరి. ఆ కొంతకాలము 2012లో ఆయన మరణమువరకు సాగినది.

వీరిద్దరిలో ఎవరు ఎవరికి పెద్దదిక్కు? త్రిభువన్‌దాసుగారికి రైతుల మనస్సు తెలియును, వారి నమ్మకము ఆయనయందుండెను. కురియన్‌గారికి యంత్రములు తెలియును. ఒకరిలేమి మరియొకరు తీర్చిరి. గేదెపాలనుండి పాలపొడి తీయుట సాధ్యము కాదని విదేశపు నిపుణులు అనుచుండగా, కురియన్‌గారి స్నేహితుడు దలాయా అను పాల శాస్త్రజ్ఞుడు చేసి చూపెను. 1955లో ఆనందులో ఆ కర్మాగారము ప్రారంభమైనది. 1963లో త్రిభువన్‌దాసు, కురియన్‌గార్లకు మరియొకరితో కలిపి రామన్ మెగసేసే బహుమానమిచ్చిరి. అన్ని విషయములకు ఒక్క మనుష్యుడే దిక్కు కానవసరము లేదని ఇందువలన తెలియుచున్నది. లెక్కలకు ఒకరు, సరుకు నాణ్యమునకు ఒకరు, ధైర్యమునకు మరియొకరు ఉండవచ్చును.

నేర్పుట సగములో ఆగినచో ఏమగునో మన గోదావరి ప్రాంతమే చెప్పుచున్నది. పందొమ్మిదవ శతాబ్దములో మిషనరీ స్త్రీలు ఆ ప్రాంతపు క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. నర్సాపురము లేసు దేశదేశములకు ఎగుమతియైనది; 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. అయితే మరియా మీస్ అను జర్మను పండితురాలు అక్కడి స్త్రీల స్థితిని పరిశీలించి 1982లో ఒక పుస్తకము ప్రకటించెను. అల్లువారికి దక్కిన కూలి మిక్కిలి తక్కువ, బజారు వర్తకుల చేతిలో ఉన్నది, వారి పనిని పనిగా కాక తీరికవేళ కాలక్షేపముగా ఎంచుచున్నారు అని చూపెను. సూది పట్టుట నేర్పినవారికి మనము కృతజ్ఞులము. ఆ లేసు ఎక్కడ, ఎంతకు అమ్ముడుపోవుచున్నదో నేర్పువారు వారికి దొరకలేదు. కుట్టుమిషనులు పంచు మన సంఘములు దీనిని ఆలోచింపవలెను. మిషను ఇచ్చి ఫోటో తీయించుకొని వచ్చివేసినచో, ఆరు నెలల తరువాత ఆ మిషను మీద బట్టలు ఆరవేసియుండును.

నేడు ఋణము దొరకుట పూర్వమంత కష్టము కాదు. 2015లో మొదలైన ముద్ర పథకము క్రింద చిన్న వ్యాపారులకు బ్యాంకులు తాకట్టు లేకుండ ఋణములిచ్చుచున్నవి. మంచిదే. అయితే ఆలోచన తోడు లేని ఋణము ఎట్టిదో మన రాష్ట్రము చూచియున్నది. 2010లో చిన్న ఋణములిచ్చు సంస్థల వసూళ్ల వలన కుటుంబములు నలిగిపోయినప్పుడు, ఆ అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చినది. గనుక ఋణమునకు దరఖాస్తు పెట్టకముందే మీ జిల్లాలోని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థను కనుగొనుడి. వీటిని బ్యాంకులు నడుపుచున్నవి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన సంస్థ మాదిరిని అనుసరించి పెట్టబడినవి. శిక్షణయు భోజనవసతులును ఉచితము. అంతకంటె ముఖ్యమైనది, శిక్షణ ముగిసిన పిమ్మట కూడ రెండేండ్లవరకు వారు మీ వ్యాపారమును కనిపెట్టి చూడవలెనని నియమమున్నది. మనవారు సర్టిఫికెట్టు తీసికొని ఇక ఆ గడప త్రొక్కరు. పాత్రలు నిండిన తరువాత తిరిగి వెళ్లిన విధవరాలిని జ్ఞాపకము చేసికొనుడి.

నేర్పుటకు గొప్ప చదువు కావలెనా? మన తెలుగు గ్రామముల మహిళా సంఘములలో పొదుపు చేసి, పుస్తకములు వ్రాసి అనుభవము సంపాదించిన స్త్రీలు, జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషను 2011లో మొదలైన తరువాత ఇతర రాష్ట్రములకు వెళ్లి, అక్కడి పల్లెలలో ఉండి, అక్కడి స్త్రీలకు సంఘములు పెట్టుట నేర్పిరి. వారు పండితులు కారు. తాము నడచిన త్రోవను చూపిరి, అంతే. మీ డ్వాక్రా సంఘములో పది యేండ్లుగా వాయిదా తప్పని అక్క ఎవరో మీకు తెలియును. ఆమెను అడుగుడి.

అబద్ధపు పెద్దదిక్కులును కలరు. ముందుగా డబ్బు కట్టుమనువాడు, మరి ఇద్దరిని చేర్చినచో ఇంటిలో కూర్చుండి సంపాదింపవచ్చుననువాడు, చదువనియ్యక సంతకము చేయుమనువాడు, ఎవరికిని చెప్పవద్దనువాడు, వీరు ప్రార్థనతో మొదలుపెట్టినను నమ్మకుడి. ప్రార్థనతో మొదలుపెట్టువారిని మరింత జాగ్రత్తగా చూడుడని చెప్పుటకు బాధగా నున్నది గాని చెప్పక తప్పదు. మనకు నచ్చిన మాట చెప్పువారును ఇట్టివారే. రెహబాము పెద్దల ఆలోచన అడిగెను, విన్నాడు, విడిచిపెట్టెను. తనతో పెరిగిన యౌవనుల మాట పట్టుకొని పది గోత్రములను పోగొట్టుకొనెను (1 రాజులు 12).

వ్యాపారములో నిలదొక్కుకొనిన సహోదరులారా, ఇది మీకు. అకుల, ప్రిస్కిల్ల క్లౌదియ ఆజ్ఞ వలన రోమాను విడిచి కొరింథునకు వచ్చిన కాందిశీకులు. అయినను ఊరికి కొత్తగా వచ్చిన పౌలును ఇంట చేర్చుకొని, ఒకే వృత్తివారు గనుక కలిసి డేరాలు కుట్టిరి. పోటీదారుడని ఎంచలేదు. తరువాత ఎఫెసులో అపొల్లో గొప్ప మాటకారియై యుండియు కొంతమట్టుకే తెలిసి బోధించుచుండగా, వారు సమాజమందిరములో అందరియెదుట లేచి సరిదిద్దలేదు. తమయొద్దకు చేర్చుకొని విశదపరచిరి. పొరబాటును గిరాకుల యెదుట చెప్పినచో ఆ యువకుడు మరల మీ గడప త్రొక్కడు. అరుగుమీద కూర్చుండబెట్టి, టీ ఇచ్చి చెప్పుడి. మీ ప్రక్కన మరియొక కొట్టు వెలసిన మీ గిరాకి పోవునని భయపడుచున్నారా? ఒక్క కొట్టున్న వీధికంటె నాలుగు కొట్లున్న వీధికే ప్రక్క ఊరివారు వచ్చుట మీరు చూచియేయున్నారు.

ఆదివారము ఆరాధన పిమ్మట చర్చించుటకు: మన సంఘములో గడచిన అయిదేండ్లలో ఎవరెవరు వ్యాపారము మొదలుపెట్టిరి, ఎందరు నిలిచిరి? మూసివేసినవారి యింటికి ఆ నెలలో మనలో ఎవరైనను వెళ్లితిమా? విధవరాలు పొరుగువారియొద్ద పాత్రలు ఎరువు తెచ్చుకొనెను గదా, మన వీధిలో కొత్తగా కొట్టు పెట్టువారికి ఎరువియ్యదగినవి మన యిండ్లలో ఏవి యున్నవి? లెక్క పుస్తకము వ్రాయుట తెలిసినవారు నెలకొక సాయంకాలము మందిరపు వరండాలో కూర్చుండుటకు ఎవరు ఒప్పుకొందురు? పేర్లు వ్రాసి సంఘపెద్దలకు ఇయ్యుడి.